సముద్రంలో కనిపించని గీత: ఉద్దానం తీరానికి అంతర్జాతీయ భద్రత ఎందుకు పట్టింపు?

అంతర్జాతీయ భద్రత, ప్రాంతీయ ఘర్షణలు అనే మాటలు వింటే చాలామందికి ఢిల్లీ, ఇస్లామాబాద్, ఐక్యరాజ్యసమితి గుర్తుకొస్తాయి. పలాస జీడిపప్పు బట్టీలకూ, టెక్కలి సంతకూ, ఉద్దానం కొబ్బరి తోటలకూ వాటితో పనేముంటుంది అనిపిస్తుంది. కానీ శ్రీకాకుళం జిల్లా తీరంలో ఈ మాటలకు చాలా దగ్గరి అర్థం ఉంది. కుటుంబాన్ని పోషించే మనిషి రాష్ట్రం దాటి చేపల వేటకు పోయి, ఎక్కడో సముద్రం మధ్యలో పరాయి దేశపు కోస్టల్ సిబ్బందికి చిక్కితే, ఇంట్లో వాళ్లు ఆ రోజు నుంచి రెండు దేశాల సంబంధాల మీద కన్నేసి బతకాల్సి వస్తుంది.

2018 నవంబర్‌లో ఈ జిల్లా కుటుంబాలకు అదే జరిగింది. విశ్వవిద్యాలయాల్లో ఈ విషయాన్ని బోధించేవాళ్లు, పరిశోధించేవాళ్లు చెబుతున్నది కూడా అదే: సరిహద్దు తగాదాల బరువు మొదట పడేది సరిహద్దుతో ఏ సంబంధమూ లేని కూలి మనిషి మీద. ఆ గీత ఎక్కడుంది, దాని మీద తగాదా ఏమిటి, చట్టం ఏం చెబుతోంది, పట్టుబడితే ఇంట్లో వాళ్లు ఏం చేయాలి, ఈ చదువు ఎక్కడ దొరుకుతుంది అన్నవి ఒకచోట చూద్దాం.

ఉద్దానం నుంచి గుజరాత్ దాకా

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్ర తీరం ఉంది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలను కలిపి జనం ఉద్దానం అంటారు. కొబ్బరి, జీడి, పనస ఈ నేలకు ఆధారం. తీరం వెంబడి బారువ, నువ్వలరేవు, మంచినీళ్లపేట, ఇంకా దక్షిణాన టెక్కలి వైపు భావనపాడు లాంటి ఊళ్లలో వేటే జీవనాధారం.

తీరం పొడవుగా ఉన్నా పెద్ద మరపడవలు నిలిపే చేపల రేవులు ఇక్కడ ఎదగలేదు. చిన్న పడవలతో ఒడ్డుకు దగ్గరగా వేటాడితే వచ్చేది కొన్ని నెలలు సరిపోతుంది, కొన్ని నెలలు సరిపోదు. దానికి తోడు తుపాన్లు. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ ఈ తీరాన్ని దెబ్బకొట్టింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాసకు దగ్గరగా తీరం దాటి కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. ఆ కాలానికి రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025 ఏప్రిల్‌లో ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలో జరిగిన కార్యక్రమంలో 20 వేల రూపాయలకు పెంచి ఇచ్చారు. అది ఆసరా అవుతుంది గానీ ఏడాది పొడవునా ఇల్లు గడపదు.

అందుకే ఇక్కడి మగవాళ్లు చెన్నై, పారాదీప్, మంగళూరు, అండమాన్ పోతారు. గుజరాత్‌లోని వేరావల్ రేవుకు పోయేవాళ్లూ ఎక్కువే. వర్షాకాలం నిషేధం ముగిసి ఆగస్టులో అక్కడ వేట మొదలయ్యే వేళకు రైలెక్కి, వేసవి దాకా అక్కడే ఉంటారు. పడవ సేటుది, వల సేటుది. వీళ్లది కష్టం మాత్రమే. పడవను నడిపించే పెద్దను తండేలు అంటారు, మిగతా వాళ్లు కళాసీలు. ఉర్దూ, హిందీలలో 'ఖలాసీ' అన్నా అదే మాట. ఒకసారి సముద్రంలోకి వెళ్తే మళ్లీ ఒడ్డు చూసేది రెండు మూడు వారాలకు.

2018 నవంబర్‌లో ఏం జరిగింది?

2018 నవంబర్ చివర్లో వేరావల్ వైపు నుంచి వేటకు వెళ్లిన పడవలను పాకిస్తాన్ సముద్ర భద్రతా సంస్థ అదుపులోకి తీసుకుంది. తమ జలాల్లోకి వచ్చారన్నది వాళ్ల అభియోగం. వాటిలో ఉన్న ఆంధ్ర మత్స్యకారుల్లో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు. శ్రీకాకుళం వాళ్లలో చాలామందిది ఉద్దానానికి దక్షిణంగా ఉన్న ఎచ్చెర్ల మండలం తీర గ్రామాలు. వాళ్లను కరాచీ తీసుకెళ్లి జైలులో పెట్టారు.

ఇంటి దగ్గర ఆడవాళ్లు అధికారుల చుట్టూ, నాయకుల చుట్టూ తిరిగారు. పడవ ఉన్నది గుజరాత్‌లో, ఇల్లు ఆంధ్రలో, మనిషి కరాచీలో. ఎవరిని అడగాలో తెలియని పరిస్థితి. చివరికి 2020 జనవరి 6న 20 మంది వాఘా సరిహద్దు దాటి మన దేశంలో అడుగుపెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం తరఫున మంత్రి అక్కడికి వెళ్లి వాళ్లను తీసుకొచ్చారు. అంటే 13 నెలలు దాటి జైలు. ఒక పూర్తి వేట కాలం, రెండు సంక్రాంతులకు మధ్య ఒక ఏడాది సంపాదన పోయాయి. 2025 ఫిబ్రవరి 7న విడుదలైన 'తండేల్' సినిమాకు ఈ ఘటనే ఆధారం.

సినిమాలో కథ ముగుస్తుంది గానీ సముద్రంలో ముగియలేదు. 2025 జనవరి 1న రెండు దేశాలు ఇచ్చిపుచ్చుకున్న జాబితాల ప్రకారం పాకిస్తాన్ జైళ్లలో 217 మంది భారత మత్స్యకారులు, భారత జైళ్లలో 81 మంది పాకిస్తాన్ మత్స్యకారులు ఉన్నారు. 2014 నుంచి అప్పటిదాకా పాకిస్తాన్ నుంచి తిరిగి వచ్చిన భారత మత్స్యకారులు 2,639 మంది అని మన విదేశాంగ శాఖ చెప్పింది. ఇది ఒక ఊరి దురదృష్టం కాదు, ఏటా నడిచే వ్యవహారం అని ఈ లెక్కలే చెబుతున్నాయి.

ఆ గీత ఎక్కడుంది?

భూమి మీద సరిహద్దు అంటే కంచె, రాయి, చెక్‌పోస్టు ఉంటాయి. సముద్రంలో ఏమీ ఉండవు. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, గుజరాత్, సింధ్ మధ్య సముద్ర సరిహద్దు ఎక్కడన్నది రెండు దేశాలూ ఇప్పటికీ ఒప్పుకోలేదు. దీనికి మూలం సర్ క్రీక్.

సర్ క్రీక్ కచ్ చిత్తడి నేలల్లో దాదాపు 96 కిలోమీటర్ల పొడవున్న ఉప్పునీటి పాయ. బ్రిటిష్ కాలంలో కచ్ సంస్థానానికీ, సింధ్ ప్రభుత్వానికీ మధ్య తగాదా వస్తే 1914లో బొంబాయి ప్రభుత్వం ఒక తీర్మానం చేసి, దానికి పటం జోడించింది. ఆ పటంలో గీత పాయకు తూర్పు ఒడ్డున ఉందని, కాబట్టి పాయ మొత్తం తమదని పాకిస్తాన్ వాదన. పడవలు నడిచే నీటి పాయల్లో సరిహద్దు నడిమధ్య ఉండాలన్నది అంతర్జాతీయ సూత్రమని, 1925 నాటి పటం, పాతిన గుర్తు స్తంభాలు కూడా అదే చెబుతున్నాయని భారత్ వాదన. అది పడవలు నడిచే పాయే కాదని పాకిస్తాన్ జవాబు.

1965 ఏప్రిల్‌లో కచ్ రణ్‌లో రెండు సైన్యాలు తలపడ్డాయి. తర్వాత అంతర్జాతీయ ట్రిబ్యునల్ వేశారు. 1968 ఫిబ్రవరిలో ఆ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పు రణ్ భూభాగంలో ఎక్కువ భాగం భారత్‌దేనంది. కానీ సర్ క్రీక్ ఆ తీర్పు పరిధిలోకి రాలేదు. 2007లో రెండు దేశాలూ కలిసి సర్వే చేశాయి. తుది ఒప్పందం మాత్రం కుదరలేదు.

బురద నేలలో ఒక పాయ కోసం ఇంత పట్టుదల ఎందుకు? కారణం ఆ పాయ నోటి దగ్గర ఉంది. ఒడ్డున గీత ఎక్కడ ఆగితే అక్కడి నుంచే సముద్ర సరిహద్దు మొదలవుతుంది. ఒడ్డు దగ్గర కొద్దిపాటి తేడా ఉంటే, గీత సముద్రంలోకి పోయేకొద్దీ ఆ తేడా విస్తరించి పెద్ద ప్రాంతం అవుతుంది. ఆ నీళ్లలో చేపలున్నాయి, అడుగున చమురు, గ్యాస్ ఉండవచ్చన్న ఆశ ఉంది. సింధు నది కలిసే చోటు కావడంతో అక్కడ చేపలు బాగా దొరుకుతాయి. గుజరాత్ ఒడ్డుకు దగ్గరలో చేపలు తగ్గేకొద్దీ పడవలు ఆ వైపు జరుగుతుంటాయి. రాత్రి వేళ, అలల లాగుడుకు, ఇంజన్ ఆగిపోయి పడవ కొట్టుకుపోతే గీత దాటామా లేదా అన్నది కళాసీకి తెలిసే అవకాశమే లేదు. దాటితే ఏమవుతుందో మాత్రం తెలుసు.

చట్టం ఏం చెబుతోంది?

సముద్రాల మీద ప్రపంచ దేశాలు 1982లో చేసుకున్న ఐక్యరాజ్యసమితి ఒప్పందమే దీనికి మూలం. భారత్ 1995లో, పాకిస్తాన్ 1997లో దాన్ని ఆమోదించాయి. దాని ప్రకారం తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా ఆ దేశపు ప్రాదేశిక జలాలు. ఒక నాటికల్ మైలు అంటే సుమారు 1.85 కిలోమీటర్లు. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా ప్రత్యేక ఆర్థిక మండలి. అక్కడ చేపలు పట్టే హక్కు ఆ దేశానిదే, కానీ ఓడలు తిరగడం మీద నిషేధం ఉండదు.

ఈ ఒప్పందంలో 73వ అధికరణం మత్స్యకారులకు చాలా ముఖ్యం. ప్రత్యేక ఆర్థిక మండలిలో చేపల చట్టాన్ని ఉల్లంఘించిన పరాయి పడవను పట్టుకోవచ్చు. కానీ తగిన పూచీకత్తు కడితే పడవనూ, మనుషులనూ వెంటనే వదలాలి. రెండు దేశాల మధ్య వేరే ఒప్పందం ఉంటే తప్ప జైలు శిక్ష వేయకూడదు. మరి వీళ్లు జైలుకు ఎలా వెళ్తున్నారు? అక్కడే మెలిక ఉంది. ఈ రక్షణ ఆర్థిక మండలికే. 12 మైళ్ల లోపలికి వచ్చారని, దేశంలోకి అక్రమంగా ప్రవేశించారని కేసు పెడితే ఇది అడ్డం రాదు. గీత ఎక్కడుందో ఒప్పుకోని చోట పడవ ఎంత లోపలికి వచ్చిందన్నది పట్టుకున్నవాళ్ల మాటే. పట్టుబడిన కళాసీ దగ్గర దాన్ని కాదనే ఆధారం ఉండదు.

రెండో సాధనం 2008 మే 21న భారత్, పాకిస్తాన్ సంతకాలు చేసిన కాన్సులర్ ఒప్పందం. దీని కింద ఏటా జనవరి 1న, జూలై 1న రెండు దేశాలూ తమ జైళ్లలో ఉన్న అవతలి దేశం ఖైదీల జాబితా ఇచ్చుకోవాలి. అరెస్టు అయిన మూడు నెలల లోపు దౌత్య కార్యాలయం వాళ్లు ఖైదీని కలిసే అవకాశం ఇవ్వాలి. జాతీయత తేలి, శిక్ష కూడా పూర్తయ్యాక నెల రోజుల్లో సొంత దేశానికి పంపాలి. యుద్ధ వాతావరణంలో కూడా జాబితాలు ఆగకుండా నడుస్తున్నాయి. అయితే ఆ 'నెల రోజులు' అన్న మాట మాత్రం చాలాసార్లు కాగితం మీదే ఉండిపోతోంది.

మూడోది, రెండు దేశాల రిటైర్డ్ న్యాయమూర్తులతో 2007లో ఏర్పాటైన సంయుక్త న్యాయ కమిటీ. ఈ కమిటీ సభ్యులు రెండు దేశాల జైళ్లకు వెళ్లి ఖైదీలను చూసి, విడుదలకు సిఫార్సులు చేసేవాళ్లు. 2013 తర్వాత వాళ్లు సమావేశం కాలేదు.

జైలు తలుపు, రాజకీయాల వేడి

చట్టం ఒకటే అయినా విడుదల తేదీ మాత్రం రెండు రాజధానుల మధ్య వాతావరణాన్ని బట్టి మారుతుంది. శ్రీకాకుళం వాళ్లు జైలులో ఉన్న కాలమే చూడండి. 2019 ఫిబ్రవరి 14న పుల్వామా దాడి, 26న బాలాకోట్ దాడి జరిగాయి. ఏప్రిల్‌లో సద్భావన చర్యగా పాకిస్తాన్ 360 మంది భారతీయ ఖైదీలను విడతలుగా వదిలింది, వాళ్లలో అత్యధికులు మత్స్యకారులే. ఆగస్టు 5న కశ్మీర్ ప్రత్యేక ప్రతిపత్తి రద్దుతో దౌత్య సంబంధాలు మళ్లీ దిగజారాయి. ఈ ఒడిదుడుకులన్నీ దాటి మన జిల్లా వాళ్లకు తలుపు తెరుచుకున్నది 2020 జనవరిలో. 2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తర్వాత అట్టారి దారి మూతపడింది, మే నెలలో సైనిక ఘర్షణ జరిగింది. అలాంటి ప్రతి ఘటన వెనకా జైళ్లలో ఉన్న మత్స్యకారుల ఇళ్లలో ఒక లెక్క తప్పుతుంది.

వీళ్లను అనుమానంగా చూడటానికి ప్రభుత్వాలకు ఒక కారణం కూడా ఉంది. 2008 నవంబర్ 26న ముంబై మీద దాడి చేసినవాళ్లు పోర్‌బందర్‌కు చెందిన 'కుబేర్' అనే చేపల పడవను సముద్రంలో పట్టుకుని, అందులోని వాళ్లను చంపి, దాని మీదే ముంబై వైపు వచ్చారు. అప్పటి నుంచి ప్రతి చేపల పడవా భద్రతా సంస్థల కంట్లో పడింది. బయోమెట్రిక్ కార్డులు, పడవల రిజిస్ట్రేషన్, రంగుల గుర్తులు వచ్చాయి. ఆ దాడిలో మొదట ప్రాణాలు పోయినవాళ్లలో మత్స్యకారులే ఉన్నారన్నది మాత్రం చాలామంది మరిచిపోతారు. 2021 నవంబర్‌లో 'జల్‌పరి' అనే పడవ మీద పాకిస్తాన్ సిబ్బంది కాల్పులు జరిపితే మహారాష్ట్రకు చెందిన మత్స్యకారుడు చనిపోయాడు.

ఇదంతా ఒకవైపు. ఇంకోవైపు విడుదలైన భారత మత్స్యకారులను కరాచీ నుంచి లాహోర్ దాకా తీసుకెళ్లే ఖర్చు, దారిలో భోజనం, చేతిలో కొంత డబ్బు, బట్టలు ఇచ్చి పంపినవాళ్లు ఉన్నారు. అబ్దుల్ సత్తార్ ఎధి స్థాపించిన ఎధి ఫౌండేషన్ చాలా ఏళ్లుగా ఈ పని చేస్తోంది. పాకిస్తాన్ ఫిషర్‌ఫోక్ ఫోరమ్, మన దేశంలో నేషనల్ ఫిష్‌వర్కర్స్ ఫోరమ్ రెండు వైపులా ఖైదీలను వదలాలని అడుగుతూ వచ్చాయి. గుజరాత్ జైళ్లలో ఉన్న సింధ్ మత్స్యకారుల ఇళ్లలోనూ ఇదే ఎదురుచూపు.

తూర్పు సముద్రం సంగతి

శ్రీకాకుళం నుంచి పారాదీప్, బెంగాల్ వైపు పోయేవాళ్లకు ఎదురయ్యేది బంగ్లాదేశ్ సరిహద్దు. ఇక్కడ కథ వేరు. 2014 జూలై 7న హేగ్‌లోని మధ్యవర్తిత్వ న్యాయస్థానం ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్ తీర్పు ఇచ్చి, రెండు దేశాల సముద్ర సరిహద్దును గీసింది. తగాదాలో ఉన్న సుమారు 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 బంగ్లాదేశ్‌కు వెళ్లాయి. పెద్ద దేశమైనా భారత్ ఆ తీర్పును ఒప్పుకుంది.

గీత తేలినంత మాత్రాన అరెస్టులు ఆగలేదు. కానీ తేడా ఉంది. 2024 చివర్లో పట్టుబడిన 95 మంది భారత మత్స్యకారులను, 90 మంది బంగ్లాదేశ్ మత్స్యకారులను 2025 జనవరి 5న రెండు దేశాలూ ఇచ్చిపుచ్చుకున్నాయి. అప్పట్లో ఢిల్లీ, ఢాకా సంబంధాలు అంత బాగా లేకపోయినా నెలల్లోనే పని అయింది.

శ్రీలంకతో 1974, 1976 ఒప్పందాల్లో గీత తేలిపోయింది. అయినా పాక్ జలసంధిలో తమిళ మత్స్యకారుల అరెస్టులు ఆగలేదు. అక్కడ గొడవ గీత గురించి కంటే చేపల గురించి. అడుగు నుంచి ఊడ్చే మరపడవల వల్ల తమ వేట పోతోందని ఉత్తర శ్రీలంక తమిళ మత్స్యకారులే అంటున్నారు. అంటే గీత తేలడం అవసరమే, కానీ దానితోనే సమస్య తీరదు. చేపలను ఎవరు, ఎలా, ఎంత పట్టుకోవాలన్న ఒప్పందం కూడా కావాలి.

పరిశోధకులు ఏం చెబుతున్నారు?

చాలాకాలం 'భద్రత' అంటే సరిహద్దు, సైన్యం, ఆయుధాలే. ఈ అర్థాన్ని మార్చినవాళ్లలో పాకిస్తాన్ ఆర్థికవేత్త మహబూబుల్ హక్ ఒకరు. ఐక్యరాజ్యసమితి 1994 మానవాభివృద్ధి నివేదిక ఆయన నేతృత్వంలో వచ్చింది. భద్రతను దేశం వైపు నుంచి మాత్రమే కాదు, మనిషి వైపు నుంచి చూడాలని అది చెప్పింది. సంపాదన, తిండి, ఆరోగ్యం, పర్యావరణం, ప్రాణం, సమాజం, రాజకీయ హక్కులు అనే ఏడు అంశాలను 'మానవ భద్రత'గా లెక్కించింది. తుపాన్లు, కిడ్నీ జబ్బులు, వలస అన్నీ చూసిన ఉద్దానానికి ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది.

ఢిల్లీ విశ్వవిద్యాలయం చరిత్ర ఆచార్యురాలు చారు గుప్తా, పరిశోధకుడు ముకుల్ శర్మ కలిసి దక్షిణాసియా మత్స్యకారుల మీద 2008లో 'కంటెస్టెడ్ కోస్ట్‌లైన్స్' అనే పుస్తకం తెచ్చారు. భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక తీరాల్లో అరెస్టైన మత్స్యకారుల జీవితాలు అందులో ఉన్నాయి. తరతరాలుగా సముద్రమే దారి అనుకున్న మనుషులను దేశాల గీతలు నేరస్తులుగా మార్చేశాయని, ఏ దేశం మత్స్యకారుడైనా అవతలి దేశానికి ఒక చేతిపావు అవుతున్నాడని వాళ్ల పరిశోధన చూపింది. ఘర్షణను సైనికుల కళ్లతో కాకుండా కళాసీ కళ్లతో చూడటం ఈ పుస్తకం ప్రత్యేకత.

మద్రాసు విశ్వవిద్యాలయంలో దక్షిణ, ఆగ్నేయాసియా అధ్యయన కేంద్రాన్ని నడిపిన ఆచార్య వి. సూర్యనారాయణ్ కచ్చతీవు, పాక్ జలసంధి తగాదాల మీద ఏళ్ల తరబడి రాశారు. గీత మీద పట్టుబట్టడం కంటే లైసెన్సులతో పరిమిత వేట, రెండు వైపుల మత్స్యకారుల మధ్య నేరుగా మాటలు ఉపయోగపడతాయన్నది ఆయన సూచన. సముద్ర ఒప్పందంలోని 74వ అధికరణం కూడా తుది సరిహద్దు తేలేదాకా ఆచరణకు పనికొచ్చే తాత్కాలిక ఏర్పాట్లు చేసుకోమంటోంది. సర్ క్రీక్ దగ్గర అలాంటి ఏర్పాటు చేయడానికి చట్టం అడ్డు కాదు. రాజకీయ నిర్ణయమే కావాలి.

తెలుగు నేల మీద కూడా ఈ పని జరిగింది. హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1983లో హిందూ మహాసముద్ర అధ్యయన కేంద్రం ఏర్పడింది. ఆచార్య పి.వి. రావు దానికి సారథ్యం వహించారు. తీరం లేని హైదరాబాద్‌లో సముద్రం గురించి చదివారు, సముద్రం ఎదురుగా ఉన్న శ్రీకాకుళంలో ఇంకా ఎక్కువ చదవాల్సి ఉంది. ఎచ్చెర్లలోనే 2008లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. కరాచీ జైలు చూసిన వాళ్ల ఊళ్లు ఆ మండలంలోనే ఉన్నాయి. వాళ్ల అనుభవాన్ని, వాళ్ల ఇంటివాళ్ల అనుభవాన్ని రాసిపెట్టడానికి పరిశోధకుడు ఢిల్లీ నుంచే రానక్కర్లేదు.

వలస వెళ్లే కుటుంబాలు ముందే చూసుకోవాల్సినవి

విడుదల ఆలస్యం కావడానికి ఒక పెద్ద కారణం జాతీయత నిర్ధారణ. అక్కడ ఖైదీ చెప్పిన పేరు, తండ్రి పేరు, ఊరు ఇక్కడి అధికారులు విచారించి అవునంటేనే కాగితం కదులుతుంది. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా, చిరునామా సరిగా లేకపోయినా విచారణ వెనక్కి వస్తుంది. పడవ ఒక రాష్ట్రానిది, మనిషి ఇంకో రాష్ట్రం వాడు అయినప్పుడు ఇది ఇంకా చిక్కు. కాబట్టి మనిషి రైలెక్కక ముందే ఇంట్లో కొన్ని పెట్టుకోవాలి.

ఆధార్, ఓటరు కార్డు, రేషన్ కార్డు, మత్స్యకారుల గుర్తింపు కార్డు నకళ్లు ఇంట్లో ఒక సెట్ ఉండాలి. అన్నిటిలో పేరు, తండ్రి పేరు ఒకేలా ఉన్నాయో చూసుకోవాలి. ఈమధ్య తీసిన ఫోటో ఒకటి ఉంచుకోవాలి.

ఏ రేవు, ఏ సేటు, పడవ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, తండేలు ఎవరు, వెంట వెళ్లిన ఊరి వాళ్లు ఎవరు అన్నవి కాగితం మీద రాసుకోవాలి. పడవ మారితే ఫోన్‌లో చెప్పమనాలి. అడ్వాన్స్ తీసుకుంటే ఎంత, ఎప్పుడు, ఎవరి దగ్గర అన్నదీ రాసిపెట్టుకోవాలి.

పడవలో ట్రాన్స్‌పాండర్ ఉందా, పనిచేస్తోందా అని అడగాలి. ఉపగ్రహం ద్వారా పడవ ఎక్కడుందో తెలిపే ఈ పరికరాలను లక్ష పడవలకు బిగించే పథకాన్ని కేంద్రం 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో మొదలుపెట్టింది. సరిహద్దు దగ్గర పడితే హెచ్చరిక, ఆపదలో సందేశం పంపడం దీని పని. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ప్రమాద బీమా కూడా ఉంది. మరణం లేదా పూర్తి అంగవైకల్యానికి 5 లక్షలు, పాక్షిక వైకల్యానికి 2.5 లక్షలు. పేరు నమోదై ఉందో లేదో మత్స్యశాఖ కార్యాలయంలో కనుక్కోవాలి.

పట్టుబడ్డారని కబురు వస్తే మొదట జిల్లా మత్స్యశాఖకు, కలెక్టర్‌కు లిఖితపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. దాని నకలు ఎంపీకి, విదేశాంగ శాఖకు పంపాలి. విదేశాల్లో చిక్కుకున్నవాళ్ల కోసం విదేశాంగ శాఖ 2015లో పెట్టిన 'మదద్' పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. సేటు తరఫున గుజరాత్ మత్స్యశాఖలో కూడా ఫిర్యాదు పడిందో లేదో చూసుకోవాలి. విచారణకు ఎవరైనా ఊరికి వస్తే పెట్టుకున్న కాగితాలు వెంటనే చూపించాలి. జనవరి 1, జూలై 1 జాబితాల్లో మన మనిషి లెక్కలో ఉన్నాడా అని అడిగే హక్కు కుటుంబానికి ఉంది. ఒక్కరుగా కాకుండా ఊరి వాళ్లంతా కలిసి అడిగితే మాట త్వరగా వినపడుతుంది.

ఈ చదువు ఎక్కడ?

పలాస, టెక్కలి, ఇచ్ఛాపురంలలో డిగ్రీ చదివే పిల్లలు చాలామంది రాజనీతి శాస్త్రం అంటే గ్రూప్స్ పరీక్షల కోసమే అనుకుంటారు. అంతర్జాతీయ సంబంధాలు దాని నుంచి పెరిగిన శాఖే. న్యాయశాస్త్రం, చరిత్ర, ఆర్థికశాస్త్రం చదివినవాళ్లు కూడా ఇటు రావచ్చు.

ఢిల్లీలో 1955లో మొదలై 1970లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కలిసిన అంతర్జాతీయ అధ్యయన విభాగం దేశంలో ఈ రంగానికి పెద్దది. జామియా మిల్లియా ఇస్లామియాలో 2004లో ఏర్పడిన నెల్సన్ మండేలా శాంతి, ఘర్షణ పరిష్కార అధ్యయన కేంద్రం ఉంది. తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయనాల కేంద్రం ఉంది. ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లలకు హైదరాబాద్‌లో 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం రాజనీతి శాస్త్రానికి దారి.

ఈ రంగంలో భాష ఒక ఆస్తి. ఉర్దూ చదవగలిగిన తెలుగు విద్యార్థి కరాచీ పత్రికల్లో మత్స్యకారుల గురించి ఏం రాశారో నేరుగా చూడగలడు. బెంగాలీ, సింహళం, తమిళం నేర్చుకున్నా అంతే. ఇంగ్లీషు పత్రికల మీదే ఆధారపడే పరిశోధకుడికి దొరకని సంగతి అలాంటివాళ్లకు దొరుకుతుంది. రెండు భాషలు ఇంట్లోనే నేర్చుకున్న పిల్లలకు ఇది చేతిలో ఉన్న అవకాశం.

టెక్కలి దగ్గర సంతబొమ్మాళి మండలం మూలపేటలో 2023 ఏప్రిల్‌లో కొత్త ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. రేపు ఈ తీరానికి ఓడలు వస్తాయి, కస్టమ్స్ వస్తుంది, కోస్ట్‌గార్డ్ నిఘా పెరుగుతుంది. సముద్ర చట్టం, భద్రత అనే మాటలు ఇక్కడి రోజువారీ జీవితంలోకి ఇంకా ఎక్కువగా వస్తాయి. వాటిని చదువుకున్న మనిషి ఊళ్లో ఒక్కరున్నా, కబురు అందిన రోజు ఎవరి దగ్గరికి పోవాలో తెలియక ఒక కుటుంబం తిరగాల్సిన పని ఉండదు. ఆగస్టు వస్తే వేరావల్ వైపు మళ్లీ రైళ్లు ఎక్కుతారు. సర్ క్రీక్ దగ్గర గీత తేలేదాకా, ఆ రైలెక్కేవాడి కాగితాలు సరిగ్గా ఉంచుకోవడం మాత్రం ఇంటివాళ్ల చేతిలో ఉన్న పని.